యుద్ధం ముగిసినా ఇల్లు చేరని సైనికులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర ఆరు నెలలు గడిపి వచ్చిన పెద్దవాళ్లు అడిగిన ఒక్క ప్రశ్నతో ఈ పేజీ మొదలైంది. దానికి జవాబు రాస్తే దాని వెనకే ఇంకొకటి వచ్చింది. సంగతి అమెరికాది కాబట్టి ఎక్కువ భాగం అక్కడి గురించే ఉంటుంది. మన 1971 యుద్ధం ప్రస్తావన చివర్లో వస్తుంది.

పోస్టాఫీసు ముందు అమెరికా జెండా కింద ఒక నల్లజెండా కనిపించింది. అది ఏ పార్టీది?

ఏ పార్టీదీ కాదు. నల్లని గుడ్డ మీద తెల్లని వలయం, అందులో తల వంచుకున్న మగమనిషి ముఖం నీడ, వెనక కాపలా బురుజు, అడ్డంగా ముళ్లతీగ, కింద ‘మిమ్మల్ని మరచిపోలేదు’ అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాట. వియత్నాం యుద్ధంలో ఖైదీలైన వాళ్ల, ఆచూకీ తెలియని వాళ్ల భార్యలు, తల్లిదండ్రులు కలిసి 1970ల మొదట్లో దీన్ని తయారు చేయించుకున్నారు. బొమ్మ గీసిన న్యూట్ హైస్లీ, జబ్బుపడి చిక్కిపోయిన తన కొడుకు ముఖం చూసి ఆ నీడను గీశాడు. చాలా కాలం ఏడాదికి ఆరు రోజులే ఎగరేసేవారు. 2019లో వచ్చిన చట్టంతో పోస్టాఫీసులు, శ్వేతసౌధం, సైనిక స్థావరాలు, జాతీయ శ్మశానవాటికల దగ్గర జాతీయ జెండా ఎగిరే ప్రతి రోజూ ఇది కూడా ఎగరాలి. సెప్టెంబరు మూడో శుక్రవారం దీనికి ప్రత్యేకమైన రోజు.

‘లెక్క తేల్చడం’ అంటారు. అంటే మనిషి దొరికినట్టేనా?

కాదు. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. అమెరికా చట్టం ప్రకారం ఒక సైనికుడి లెక్క తేలడానికి మూడు దారులున్నాయి. మనిషి ప్రాణాలతో తిరిగి రావాలి. లేదా అవశేషాలు దొరికి, అవి ఆయనవేనని శాస్త్రీయంగా రుజువు కావాలి. ఈ రెండూ కుదరకపోతే, ఆయనకు ఏమైందో వేరే నమ్మదగిన ఆధారంతో తేలాలి. చనిపోయాడని అందరికీ తెలిసినా, పక్కనున్నవాడు కళ్లారా చూసి చెప్పినా, దేహం రాకపోతే ఆ పేరు జాబితాలోనే ఉంటుంది. అందుకే ఈ జాబితాలో చాలా మంది ‘కనిపించకుండా పోయినవాళ్లు’ కారు, ‘చనిపోయారు కానీ ఇంటికి రానివాళ్లు’. తెలుగు పత్రికల్లో రెండింటికీ ‘గల్లంతు’ అన్న మాటే రాస్తారు. గోదావరిలో పడవ మునిగినా అదే మాట, యుద్ధంలో విమానం కూలినా అదే మాట. ఇక్కడ ఆ తేడా తెలియకపోతే అంకెలు అర్థం కావు.

ఇంకా ఎంతమంది మిగిలారు?

రెండో ప్రపంచ యుద్ధం నుంచి లెక్కిస్తే సుమారు 81,000 మంది. అందులో సుమారు 72,000 మంది ఆ యుద్ధంలోనివాళ్లే. కొరియా యుద్ధానివి సుమారు 7,400, వియత్నాం యుద్ధానివి 1,600 లోపు, ప్రచ్ఛన్న యుద్ధకాలంలో గూఢచారి విమానాల వంటి వాటిలో పోయినవాళ్లు 126 మంది. మొత్తంలో సుమారు 41,000 మంది సముద్రంలో పోయారని అంచనా. ఓడతో పాటు మునిగినవాళ్లను చాలావరకు ఆ ఓడే సమాధి అనుకుని వదిలేస్తారు. వెలికితీయడానికి ఎంతో కొంత అవకాశం ఉన్నవి 38,000 వరకూ ఉంటాయని చెబుతారు.

ఏటా కనీసం 200 మందిని గుర్తించే శక్తి 2015 నాటికి సమకూర్చుకోవాలని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఏటా సరిగ్గా అన్ని తేలుతాయనుకున్నా 38,000 తేలడానికి 190 ఏళ్లు పడుతుంది. ఈ కూడికలు తీసివేతలు వాళ్లకూ తెలుసు.

అంతమంది ఎలా మిగిలిపోయారు? యుద్ధం అయిన వెంటనే వెతకలేదా?

వెతికారు. 1945 నుంచి 1951 వరకు సైన్యపు సమాధుల విభాగం యూరప్ నుంచి పసిఫిక్ ద్వీపాల దాకా గాలించింది. దొరికిన ప్రతి సైనికుడి కుటుంబాన్నీ ‘అక్కడే ఉంచమంటారా, ఇంటికి పంపమంటారా’ అని అడిగింది. సుమారు 1,71,000 శవపేటికలు అమెరికాకు తిరిగి వచ్చాయి. బ్రిటిష్ సామ్రాజ్యం పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. దొరా సిపాయీ తేడా లేకుండా ఎవరినీ స్వదేశానికి తేకూడదని మొదటి ప్రపంచ యుద్ధంలోనే నిర్ణయించారు. అందుకే ఆనాడు ఫ్రాన్సులో పోరాడి సమాధి తెలియకుండా పోయిన భారతీయ సిపాయిల పేర్లు అక్కడి నెవ్ షపెల్ స్మారకం మీద ఉన్నాయి. ఢిల్లీ ఇండియా గేటు మీద 13,000కు పైగా పేర్లున్నాయి. వాళ్ల సొంత ఊళ్లో మాత్రం సమాధి లేదు.

కొరియాలో కారణం వేరు. 1950 చలికాలంలో చైనా సైన్యం దిగడంతో ఉత్తర కొరియాలోని చోసిన్ జలాశయం నుంచి అమెరికా సైన్యం వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అప్పటికే పూడ్చిన సమాధులు ఉత్తరాన ఉండిపోయాయి. 1954లో రెండు పక్షాలూ దేహాలను మార్చుకున్నప్పుడు 4,000కు పైగా తిరిగి వచ్చాయి. వాటిలో పేరు తేలని 800కు పైగా దేహాలను హవాయిలోని పంచ్‌బౌల్ శ్మశానంలో పూడ్చారు. తరవాత అరవై ఏళ్లకు ఆ సమాధులనే మళ్లీ తెరవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఈ పని ఎవరిది?

రక్షణశాఖలోని ‘డిఫెన్స్ పీఓడబ్ల్యూ/ఎంఐఏ అకౌంటింగ్ ఏజెన్సీ’ది. పొడి అక్షరాల్లో డీపీఏఏ. పీఓడబ్ల్యూ అంటే యుద్ధఖైదీ, ఎంఐఏ అంటే రణంలో ఆచూకీ తెలియకుండా పోయినవాడు. 2015లో మూడు పాత సంస్థలను కలిపి దీన్ని ఏర్పాటు చేశారు. ప్రధాన ప్రయోగశాల హవాయిలో పెర్ల్ హార్బర్ పక్కన, ఇంకొకటి నెబ్రాస్కాలో. డీఎన్‌ఏ పని డెలావేర్ రాష్ట్రం డోవర్‌లోని సైనిక ప్రయోగశాలది.

ఒక కేసు ఎక్కడ మొదలవుతుంది?

పార దగ్గర కాదు, పాత కాగితాల బీరువా దగ్గర. విమానం తిరిగి రాకపోతే రాసిన నివేదికలో ఏ ఇంజను, దాని సంఖ్య ఎంత, ఎవరు ఏ సీట్లో ఉన్నారు, చివరిసారి ఎవరు ఎక్కడ చూశారు అన్నీ ఉంటాయి. సైనికుడి వ్యక్తిగత ఫైల్లో ఎత్తు, పళ్ల పటం, ఎప్పుడో ఎముక విరిగిన వివరం, చెప్పుల కొలత కూడా ఉంటాయి. చరిత్రకారులు వీటిని శత్రుపక్షం కాగితాలతో పోల్చి చూస్తారు. తరవాత ఊళ్లోకి వెళ్లి ముసలివాళ్లను అడుగుతారు. వియత్నాంలో, లావోస్‌లో చాలా స్థలాలు అలా దొరికినవే. ఎనభై ఏళ్ల మనిషి ‘నా చిన్నప్పుడు ఆ చెరువు దగ్గర నిప్పుముద్ద పడింది’ అనడమే ఆధారం. ఆయన పోతే ఆ కేసు కూడా పోయినట్టే. ఇక్కడ కాలం అందరికీ శత్రువే.

తవ్వకం ఎలా ఉంటుంది?

కొండవాలులో మనుషులు నిలబడలేని చోట చదును చేసి, నేలను తాళ్లతో నాలుగేసి మీటర్ల గళ్లుగా కడతారు. ఊరివాళ్లను కూలికి పెట్టుకుంటారు. మట్టి నింపిన బకెట్లు చేతులు మారుతూ జల్లెడల దగ్గరకు చేరతాయి. మన ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు తట్టలు అందించే వరస గుర్తుకొస్తుంది. జల్లెడ కన్ను పావు అంగుళం. పొడిమట్టి అయితే చేత్తో రుద్దుతారు, బంకమట్టి అయితే నీళ్ల గొట్టంతో కడుగుతారు. నెల రోజుల పనిలో దొరికేది ఒక జిప్పు, పారాచూటు కట్టు బకిలు, బూటు అడుగు ముక్క, అదృష్టం బాగుంటే ఒక పన్ను. ఆగ్నేయాసియా నేలలో ఆమ్లగుణం ఎక్కువ. ఎముక కరిగిపోతుంది, పన్ను నిలుస్తుంది.

పేలని బాంబులు, పాములు, మలేరియా మామూలే. 2001 ఏప్రిల్ 7న వియత్నాంలోని క్వాంగ్‌బిన్ రాష్ట్రంలో ఇలాంటి స్థలాలు చూడటానికి వెళ్తున్న హెలికాప్టర్ కొండను ఢీకొని 16 మంది చనిపోయారు. ఏడుగురు అమెరికన్లు, తొమ్మిది మంది వియత్నామీయులు. పాత యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన రెండు దేశాల వాళ్లు ఆ యుద్ధపు మృతులను వెతుకుతూ కలిసి చనిపోయారు.

ఒక ఎముక ముక్కను పట్టుకుని ఫలానా మనిషిదని ఎలా చెప్పగలరు?

ఒక్క పరీక్షతో చెప్పరు. పళ్ల పటం కలిస్తే సగం పని అయినట్టే. కొరియా యుద్ధం విషయంలో ఇంకో ముచ్చటైన పద్ధతి ఉంది. ఆ రోజుల్లో సైన్యంలో చేరేవాళ్లందరికీ క్షయ ఉందేమోనని ఛాతీ ఎక్స్‌రే తీసేవారు. ఊపిరితిత్తుల కోసం తీసిన ఆ ఫిలిములో మెడ కింది జత్రుక, అంటే కాలర్ ఎముక, కూడా పడింది. దాని వంపులు, గరుకులు ఒక్కో మనిషికి ఒక్కో తీరు. ఇప్పుడు సమాధిలో దొరికిన జత్రుకను అదే కోణంలో ఎక్స్‌రే తీసి పాత ఫిలిము పక్కన పెట్టి చూస్తారు. 1950లో ఏ కాంపౌండరో విసుగ్గా ‘ఊపిరి బిగబట్టు’ అని తీసిన ఫిలిము అది. దానికి ఇలాంటి పని పడుతుందని ఎవరు అనుకుని ఉంటారు?

ఎముకలోని కార్బన్ రకాల పాళ్లను బట్టి ఆ మనిషి మొక్కజొన్న తిండి మీద పెరిగాడా, వరి అన్నం మీద పెరిగాడా అన్నది కూడా అంచనా వేస్తారు. అమెరికన్ అవశేషాలు స్థానికుల అవశేషాలతో కలిసిపోయిన చోట ఇది పనికివస్తుంది. ఆ తరవాత డీఎన్‌ఏ.

డీఎన్‌ఏ కోసం సొంత కొడుకు ఇచ్చినా కొన్నిసార్లు పనికిరాదంటారు. నిజమా?

నిజమే. ఇంగ్లీషువాళ్లు ‘అంకుల్’, ‘కజిన్’ అని సరిపెట్టుకుంటారు కాబట్టి వాళ్లకు దీన్ని విడమరచి చెప్పడానికి పటాలు గీయాలి. మనకు పిలుపుల్లోనే పటం ఉంది.

పాత ఎముకల్లో బాగా నిలిచేది మైటోకాండ్రియా, అంటే కణంలో శక్తి తయారయ్యే భాగం, లోని డీఎన్‌ఏ. కణానికి వందల, వేల ప్రతులు ఉంటాయి కాబట్టి ఎంత పాడైనా కొంత మిగులుతుంది. అది తల్లి నుంచే వస్తుంది. కాబట్టి పోయిన మనిషి తల్లి, తోబుట్టువులు, అక్కచెల్లెళ్ల పిల్లలు, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, ఆ పెద్దమ్మ పిన్నుల పిల్లలు పనికివస్తారు. సొంత కొడుకు పనికిరాడు, అతనికి వచ్చింది వాళ్లమ్మది. మేనల్లుడు పనికివస్తాడు. మేనమామ పనికివస్తాడు కానీ మేనమామ పిల్లలు పనికిరారు.

రెండోది వై క్రోమోజోము. అది తండ్రి నుంచి కొడుక్కి, అంటే ఇంటిపేరు నడిచే దారినే నడుస్తుంది. కొడుకు, అన్నదమ్ములు, పెదనాన్న, బాబాయి, వాళ్ల కొడుకులు ఇక్కడ పనికివస్తారు. మేనత్త కొడుకు రెండు లెక్కల్లోనూ రాడు. కూతురు కూడా ఈ రెండింటికీ దూరమే. తల్లి నుంచీ తండ్రి నుంచీ సమానంగా వచ్చే మూడో రకం డీఎన్‌ఏ ఎముకలో దొరికితే మాత్రం కొడుకూ కూతురూ ఇద్దరూ అందరికంటే ముందు వరుసలో ఉంటారు.

ఇవ్వడంలో కష్టమేమీ లేదు. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది పంపడమే. అయితే ఒకే తల్లివరస డీఎన్‌ఏ చాలా మందిలో ఉండవచ్చు. అందుకే అది ఒక్కటే చాలదు, పళ్లు, ఎత్తు, దొరికిన చోటు అన్నీ కలవాలి.

గుర్తుతెలియని సైనికుడి సమాధి అని ఒకటి ఉంటుంది కదా. దాన్ని కూడా తెరిచారా?

పేరు తేలని మృతులందరికీ గుర్తుగా ఒక్కరిని పూడ్చే సమాధి అది. వియత్నాం యుద్ధానికి చెందినదాన్ని తెరిచారు. 1984లో అధ్యక్షుడు రీగన్ సమక్షంలో వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఆ దేహాన్ని పూడ్చారు. నిజానికి 1972లో దక్షిణ వియత్నాంలోని ఆన్‌లోక్ దగ్గర, తరవాత ఆ సమాధిలో పెట్టిన ఆరు ఎముకలు దొరికినప్పుడు అవి వైమానిక దళానికి చెందిన మైకేల్ బ్లాసీవి కావచ్చని కాగితాల మీద ఉంది. 1980లో ఆ పేరు కొట్టేసి ‘ఎక్స్-26’ అని సంఖ్య వేశారు. కుటుంబం పట్టుబట్టింది. 1998 మేలో సమాధి తెరిచి డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ఆయనే అని తేలింది. మృతుడికి దేశం ఇవ్వగల అతి పెద్ద గౌరవం ఆ సమాధి. దాని నుంచి తీసి సొంత ఊరు సెయింట్ లూయిస్‌లో మామూలు రాయి కింద పెట్టమని అడిగింది ఆ కుటుంబం. వాళ్లకు కావలసింది గౌరవం కాదు, మనిషి.

ఆర్లింగ్టన్‌లోని ఆ గది ఇప్పుడు ఖాళీ. మళ్లీ ఎవరినీ పెట్టలేదు.

కలిసిపోయిన అవశేషాలను విడదీయడం సాధ్యమేనా?

పెర్ల్ హార్బర్‌లో మునిగిన ఓక్లహోమా ఓడ దీనికి పెద్ద ఉదాహరణ. 1941 డిసెంబరు 7న జపాన్ దాడిలో ఆ ఓడలోని 429 మంది చనిపోయారు. ఓడను పైకి లేపేసరికి రెండేళ్లయింది. అప్పటికి దేహాలు విడివిడిగా లేవు. 388 మందిని ‘గుర్తుతెలియనివారు’ అని పంచ్‌బౌల్‌లో పూడ్చారు. 2015లో ఆ సమాధులన్నీ తెరిచారు. సుమారు 13,000 ఎముకలు. వాటిని బల్లల మీద పరిచి, జతలు కలిపి, డీఎన్‌ఏ తీసి, ఆరేళ్లలో 350 మందికి పైగా పేర్లు తిరిగి ఇచ్చారు. మిగిలినవాళ్లను 2021 డిసెంబరు 7న, సరిగ్గా ఎనభై ఏళ్లకు, మళ్లీ పూడ్చారు.

ఉత్తర కొరియా ఇచ్చిన పెట్టెల సంగతి ఏమిటి?

1990 నుంచి 1994 వరకు 208 పెట్టెలు ఇచ్చింది. పెట్టెకు ఒక మనిషి అని చెప్పింది. తెరిచి చూస్తే సుమారు 400 మంది ఎముకలు కలగలిసి ఉన్నాయి. 1996 నుంచి 2005 వరకు అమెరికా బృందాలు అక్కడికే వెళ్లి తవ్వాయి, తరవాత ఆ దారి మూసుకుపోయింది. 2018 జూన్‌లో సింగపూర్‌లో ట్రంప్, కిమ్ కలిసిన తరవాత జూలై 27న మరో 55 పెట్టెలు వచ్చాయి. ఆ 55 పెట్టెల్లో సైనికుడి పేరున్న లోహపు బిళ్ల ఒక్కటే ఉంది. అవశేషాలు బేరసారాల్లో చిల్లరగా మారడం చూడటానికి బాగుండదు. అయినా పెట్టె వద్దని ఏ కుటుంబమూ అనలేదు.

వియత్నాంలో ఖైదీలను ప్రాణాలతో దాచి ఉంచారన్న మాట నిజమా?

1973లో ఒప్పందం తరవాత 591 మంది ఖైదీలు తిరిగి వచ్చారు. జాబితాలో ఇంకా చాలా పేర్లు మిగలడంతో ‘కొందరిని దాచారు’ అన్న నమ్మకం పుట్టింది. 1979లో ఒక మెరైన్ సైనికుడు హనోయ్ నుంచి తిరిగి రావడం ఆ ఆశకు ఊపిరి పోసింది. 1991లో సెనేట్ ఒక ప్రత్యేక సంఘం వేసింది. జాన్ కెర్రీ అధ్యక్షుడు, అయిదున్నరేళ్లు ఖైదులో గడిపిన జాన్ మెకేన్ సభ్యుడు. ఎవరైనా ఇంకా ప్రాణాలతో బందీగా ఉన్నారనడానికి బలమైన సాక్ష్యం లేదని 1993లో వాళ్లు తేల్చారు. నా అభిప్రాయమూ అదే. నకిలీ ఫొటోలు అమ్ముకుని ఆ కుటుంబాల ఆశ మీద డబ్బు చేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అంతకంటే నీచమైన వ్యాపారం ఉండదు.

అయినా ఆశను వెక్కిరించడానికి లేదు. 1965లో లావోస్ మీద కూలిన చార్లెస్ షెల్టన్ అనే వైమానిక దళ అధికారిని 1994 దాకా కాగితాల మీద యుద్ధఖైదీగానే ఉంచారు. జీతం, పదోన్నతి నడుస్తూనే ఉన్నాయి. చివరికి పిల్లలే అడిగి ఆ ఫైలు మూయించారు.

అవతలి పక్షం వాళ్ల సంగతి ఎవరు చూస్తారు?

అడగవలసిన ప్రశ్నే. వియత్నాం వైపు ఆచూకీ లేనివాళ్లు సుమారు రెండు లక్షలు. పేరు తెలియకుండా పూడ్చినవాళ్లు మరో మూడు లక్షలు. అక్కడి ఏ సైనిక శ్మశానంలో చూసినా ‘పేరు తెలియదు’ అని ఒకే అచ్చులో రాళ్లు వరసలు కట్టి ఉంటాయి. పదహారు వందల మందికి అంత హంగామా, అయిదు లక్షల మందికి ఏదీ అని అడిగే వియత్నాం తల్లికి జవాబు లేదు. ఇటీవల అమెరికా తన యుద్ధకాలపు కాగితాలు, డీఎన్‌ఏ సాంకేతిక సహాయం ఇస్తోంది. ఆలస్యంగా.

ఈ వ్యవస్థ మచ్చ లేనిదా?

కాదు. 2013లో అప్పటి సంస్థ పనితీరు మీద ఘాటైన నివేదికలు వచ్చాయి. హవాయిలో జరిపే ‘స్వాగత’ కార్యక్రమాల్లో, అప్పుడే విదేశం నుంచి వచ్చినట్టు శవపేటికలను దింపే ఆ విమానం అసలు ఎక్కడికీ వెళ్లలేదని, పేటికలు ప్రయోగశాల నుంచే తెచ్చినవని అదే ఏడాది బయటపడింది. కళ్లనీళ్లు పెట్టుకున్న కుటుంబాలు ఎంత నొచ్చుకున్నాయో చెప్పక్కర్లేదు. సంస్థలను కలిపి డీపీఏఏ చేయడానికి ఈ రచ్చ కూడా ఒక కారణం.

మన దేశంలో అమెరికన్ సైనికులు కూడా గల్లంతయ్యారా?

అయ్యారు, సుమారు 400 మంది. 1942–45లో అస్సాంలోని చబువా, దింజాన్ వంటి విమానాశ్రయాల నుంచి హిమాలయాలు దాటి చైనాలోని కున్మింగ్‌కు సరుకు మోసేవారు. పైలట్లు ఆ దారిని ‘హంప్’ అనేవారు, అంటే మూపురం. సుమారు 600 విమానాలు పోయాయి. చాలావాటి శిథిలాలు అరుణాచల్ అడవుల్లో ఉన్నాయి. వేటకు వెళ్లిన ఆది, మిష్మి తెగల వాళ్లకు అవి ఎప్పటినుంచో తెలుసు. ఆ అల్యూమినియం రేకు ఇళ్లలో వాడకానికి వచ్చింది కూడా. చైనా సరిహద్దు కావడంతో అనుమతులు కొన్నేళ్లు ఆగాయి. 2016 ఏప్రిల్‌లో కొన్ని అవశేషాలను ఢిల్లీ నుంచి గౌరవంగా పంపారు. ఇప్పుడు గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం ఈ పనిలో భాగస్వామి. అరుణాచల్‌లోని పాసీఘాట్‌లో 2023లో హంప్ మ్యూజియం తెరిచారు.

మన 1971 యుద్ధఖైదీల మాటేమిటి?

‘మిస్సింగ్ 54’ అని పిలిచే జాబితా అది. 30 మంది సైన్యం, 24 మంది వైమానిక దళం. 1979లో ప్రభుత్వం లోక్‌సభలో మొదట 40 పేర్లు చెప్పింది. భారత్ తన దగ్గరున్న సుమారు 93,000 మంది పాకిస్తానీ ఖైదీలను 1974కల్లా పంపేసింది. మనవాళ్ల లెక్క తేల్చుకోకుండా పంపేశారన్నది ఈ కుటుంబాల ప్రధానమైన ఫిర్యాదు. ఒక మేజర్ తండ్రికి 1974 చివర కొడుకు చేతిరాతతో చీటీ వచ్చింది. మరొకరు 1971 డిసెంబరు 27 నాటి టైమ్ పత్రికలో కటకటాల వెనక ఉన్న ముఖాన్ని తమవాడిగా గుర్తుపట్టారు. 1983లో ఆరుగురు బంధువులు, 2007లో 14 మంది పాకిస్తాన్ జైళ్లు చూసి వట్టి చేతులతో వచ్చారు. తమ దగ్గర ఎవరూ లేరన్నదే పాకిస్తాన్ మాట. ఆచూకీ లేని రక్షణ సిబ్బంది ఈ 54 మందితో కలిపి 83 మంది అని విదేశాంగశాఖ పార్లమెంటులో చెబుతూ వస్తోంది.

1949 జెనీవా ఒప్పందం ప్రకారం పట్టుబడిన ప్రతి ఖైదీకీ కార్డు రాసి, పేరు జెనీవాలోని రెడ్‌క్రాస్ సంస్థకు పంపాలి, పోరు ఆగగానే విడుదల చేయాలి. భారత్, పాకిస్తాన్ రెండూ దానికి కట్టుబడినవే. కార్డే రాయకపోతే ఏమవుతుందో ఈ 54 పేర్లు చెబుతాయి. అమెరికాతో పోలిక పెట్టి మనల్ని తిట్టడం తేలిక. కానీ వియత్నాంలో తవ్వడానికి వియత్నాం ఒప్పుకుంది. పాకిస్తాన్ జైలు రిజిస్టరు తెరవడం ఢిల్లీ చేతిలో లేదు. ఢిల్లీ చేతిలో ఉన్నది తన ఫైళ్లన్నీ కుటుంబాల ముందు పెట్టడం. దానికి పాకిస్తాన్ అనుమతి అక్కర్లేదు.

తెలుగు కుటుంబాలకు ఇలాంటి అనుభవం ఉందా?

యుద్ధం కాదు కానీ దగ్గరి సంగతి ఒకటి ఉంది. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తున్న వైమానిక దళపు ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. వారాల తరబడి గాలించి, చివరికి చనిపోయినట్టు భావించమని ఇళ్లకు ఉత్తరాలు పంపారు. 2024 జనవరిలో చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, మనిషి లేకుండా నడిచే జలాంతర వాహనం తీసిన చిత్రాల్లో ఆ విమానం శిథిలాలు కనిపించాయి. ఏడున్నరేళ్లు.

మృతి ఖాయం కాకుండా పింఛను, కర్మ ఎలా?

అమెరికాలో ఏడాది దాటితే విచారించి ‘మరణించినట్టు భావిస్తున్నాం’ అని ప్రకటించవచ్చు. భార్యకు రావలసినవి మొదలవుతాయి, వెతుకులాట మాత్రం ఆగదు. మన సాక్ష్యచట్టం ఏడేళ్లు అంటుంది. ధర్మశాస్త్రం ఇంకా ఓపిక పట్టమంది. పన్నెండేళ్లు చూసి, అప్పటికీ రాకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలి. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్య ఉంది. ఇవన్నీ జవాబు దొరకనివాళ్ల కోసం పెద్దలు చేసిపెట్టిన ఏర్పాట్లు. కానీ పన్నెండో ఏడు దర్భబొమ్మకు నిప్పు పెట్టిన తరవాత కూడా గేటు చప్పుడైతే తల్లి తల తిప్పి చూస్తుంది.

ఒక్క పన్ను దొరికితే దాన్ని ఏం చేస్తారు?

పూర్తి పొడవు శవపేటికలోనే పెడతారు. అవశేషాన్ని మడిచిన కంబళిలో చుట్టి, దాని మీద ఇస్త్రీ చేసిన పూర్తి యూనిఫారం పరుస్తారు. హోదా పట్టీలు, పతకాలు ఆయనవే, సరైన వరసలో కుట్టి ఉంటాయి. ఆ యూనిఫారం ఎవరూ తొడుక్కోరు. కుటుంబం దగ్గరికి ఒక అధికారి స్వయంగా వచ్చి ఏ ఎముక ఎక్కడ దొరికింది, ఏ పరీక్షతో కలిసింది అన్నీ కాగితాలతో చూపిస్తాడు. కుటుంబానికి సందేహం ఉంటే నిపుణుడి చేత వేరేగా చూపించుకోవచ్చు.

స్మారకం మీద ఉన్న పేరు చెరిపేస్తారా?

చెరపరు. పంచ్‌బౌల్‌లో, మనీలాలో గోడల మీద చెక్కిన పేరు పక్కన చిన్న కంచు పువ్వు బిగిస్తారు, ఇతను దొరికాడని గుర్తు. వాషింగ్టన్‌లోని వియత్నాం గోడ మీద 58,000కు పైగా పేర్లున్నాయి. అక్కడి పద్ధతి వేరు. మృతి ఖాయమైన పేరు పక్కన వజ్రం ఆకారం, ఆచూకీ లేని పేరు పక్కన కూడిక గుర్తు ఉంటుంది. అవశేషాలు వస్తే ఆ కూడిక గుర్తు మీదే వజ్రం చెక్కుతారు. మనిషి ప్రాణాలతో తిరిగి వస్తే దాని చుట్టూ సున్నా చుట్టాలని గోడ కట్టిననాడే నియమం పెట్టుకున్నారు. ఇంతవరకు ఆ గోడ మీద ఒక్క సున్నా లేదు.